పుర్రె దాటిన తెలివి

మనిషి ఒంట్లో అన్నిటికంటే ఖరీదైన అవయవమే మట్టిలో అన్నిటికంటే ముందు కరిగిపోయే వాటిలో ఒకటి. మెదడు ఎముక కాదు, రాయిగా మారి నిలిచే గుణం దానికి లేదు. అందుకే మెదడు చరిత్ర రాసేవాళ్లు దాన్ని చూసి రాయరు, అది విడిచిపోయిన ఆనవాళ్లను చూసి రాస్తారు. ఆ ఆనవాళ్లు మూడు రకాలు. పుర్రె లోపలి ఖాళీ ఎంత ఉంది, ఏ ఆకారంలో ఉంది అన్నది ఒకటి. పళ్లను బట్టి ఆ ప్రాణి ఏ వంశానిది, ఏం తిని బతికింది అన్నది రెండోది. చేత్తో చేసిన వస్తువును బట్టి దాన్ని చేసిన తలలో ఎంత ఆలోచన నడిచిందో అంచనా కట్టడం మూడోది. మొదటి రకం సాక్ష్యం భారతదేశంలో దాదాపు లేదనే చెప్పాలి. మిగిలిన రెండూ గోదావరి పొడవునా, ఖానాపూర్ నుంచి ప్రాణహిత దాకా పరుచుకున్న ఉత్తర తెలంగాణలో ఉన్నాయి.

ఖానాపూర్ 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు నిర్మల్ జిల్లాలోది. దక్షిణాన గోదావరి, ఉత్తరాన గుట్టలు, వాటిని ఆనుకుని కవ్వాల అడవి. 1891–92లో కట్టిన సదర్‌మాట్ ఆనకట్ట నీళ్లు ఈ చుట్టుపక్కల పొలాలకు పారతాయి. 2018లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దాన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. ఇక్కడి నుంచి నది తూర్పుకు సాగి కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది. సింగరేణి బొగ్గు పేరుకున్నది ఈ రెండు నదుల లోయలోనే. ఆ బొగ్గు పొరలకు పైన, వయసులో వాటికంటే చాలా చిన్నదైన సున్నపురాయి, బంకమన్ను పొర ఒకటుంది. ప్రాణహితకు ఆవలి ఒడ్డున, సిరొంచ దగ్గర ఉన్న కోట అనే పల్లె పేరు మీద భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని కోట పొర అంటారు. వయసు అటూ ఇటూగా 17–18 కోట్ల ఏళ్లు.

కోట పొర పేరు చెప్పగానే అందరికీ డైనోసార్లు గుర్తొస్తాయి. 1975లో లోకానికి పరిచయమైన బరాపాసారస్ ఇక్కడిదే. పేరులోని బరాపా బెంగాలీ మాట, పెద్దకాలు అని అర్థం. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉంది, బడిపిల్లలు దాని కాళ్ల దగ్గర ఫొటోలు దిగుతుంటారు. కానీ మెదడు కథకు ఆ భారీకాయాలతో పెద్దగా పని లేదు. అవి నడిచిన నేల మీదే, వాటి కాళ్ల సందుల్లోంచి తప్పించుకు తిరిగిన ఎలుకంత ప్రాణులతోనే పని. అవి పాలిచ్చే జంతువుల తొలి వంశాలు. 1981లో పి.ఎం. దత్తా వర్ణించిన కోటాథేరియం హాల్డేని వాటిలో ఒకటి. భారతదేశానికి వచ్చి స్థిరపడిన జీవశాస్త్రవేత్త హాల్డేన్ పేరు దానికి తగిలించారు. 1984లో యాదగిరి ఇండోథేరియం ప్రాణహితైని వర్ణించారు. ఆసిఫాబాద్ వైపు ఉన్న పైకాసిగూడెంలో దొరికిన పళ్లను జి.వి.ఆర్. ప్రసాద్, మన్హాస్ పరిశీలించి ఒకదానికి పైకాసిగూడొడాన్ యాదగిరై అని నామకరణం చేశారు. ఊరి పేరూ, పరిశోధకుడి పేరూ ఒకే పన్ను మీద నిలిచాయన్నమాట. 2007లో వచ్చిన ఇంకో పేరు గోండ్‌థేరియం.

ఇవన్నీ పళ్లే. ఒక్కోటి ఆవగింజతో పోల్చదగిన పరిమాణంలో ఉంటుంది. అలాంటివి నేల మీద కంటికి కనపడవు. పరిశోధకులు బంకమన్నును బస్తాలకు ఎత్తుకుని, నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడుగుతారు. బురద పోయాక అడుగున మిగిలిన రవ్వను ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, తడిపిన కుంచె కొసతో గింజ గింజనూ పక్కకు తోస్తారు. బియ్యంలో రాళ్లు ఏరే పని లాంటిదే, కాకపోతే ఇక్కడ ఏరుకునేది రాయిని. బస్తాల కొద్దీ మన్ను కడిగితే చేతికొచ్చేవి కొద్ది పళ్లు, అవీ కొన్ని విరిగినవి.

పంటి నుంచి మెదడుకు దారి ఎలా పడుతుంది? పన్ను మీది గడ్డలు, గుంటలు పై దవడకూ కింది దవడకూ సరిగ్గా ఒదిగాయంటే ఆ ప్రాణి పురుగును మింగకుండా కొరికి నమిలి తింటోందని అర్థం. నమిలి తినేవాడికి శక్తి త్వరగా అందుతుంది, ఒంట్లో వేడి నిలుస్తుంది, రాత్రి చల్లదనంలో కూడా తిరగగలుగుతాడు. పగలంతా డైనోసార్లది కాబట్టి ఈ చిన్న ప్రాణులకు రాత్రే దిక్కు. చీకట్లో కన్ను కంటే ముక్కు, చెవి, మీసం ఎక్కువ పనికొస్తాయి. ఇదే కాలానికి అటూ ఇటూగా చైనాలో బతికిన ఇలాంటి ప్రాణుల పుర్రెలు చెక్కుచెదరకుండా దొరికాయి. వాటిని సీటీ స్కాన్ చేసి 2011లో తిమోతీ రో బృందం ప్రకటించిన ఫలితాల ప్రకారం, క్షీరదాల మెదడులో మొదట ఉబ్బినవి వాసన పట్టే భాగాలు. ఆ తర్వాత వెంట్రుకల ద్వారా వచ్చే స్పర్శను గ్రహించే పైపొర పెరిగింది. ఇవాళ మనిషి లెక్కలు చేసేదీ, కవిత్వం కట్టేదీ ఆ పైపొరతోనే. మనం గొప్పగా చెప్పుకునే వివేకానికి పుట్టిల్లు చీకట్లో పురుగుల వాసన పట్టిన ముక్కు.

6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద లావా పొరలు పొరలుగా పారింది. ఆదిలాబాద్ ఉత్తర భాగంలోని నల్లరేగడి ఆ లావా రాయి చివికి ఏర్పడిన నేలే. రెండు లావా ప్రవాహాల మధ్య దొరికిన విరామంలో చెరువులు నిండాయి, చెట్లు మొలిచాయి, వాటి అడుగున బురద పేరుకుంది. వికారాబాద్ జిల్లా నస్కల్ దగ్గర అలాంటి బురద పొరలో 1988లో ప్రసాద్, అశోక్ సాహ్నీ ఒక క్షీరదాన్ని గుర్తించారు, డెక్కనోలెస్టిస్ హిస్లోపి. భారతదేశంలో క్రెటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదలు. దాని చీలమండ ఎముకలు చెట్లెక్కే ప్రాణివి. కొమ్మ నుంచి కొమ్మకు దూకే బతుకులో దూరం తప్పుగా కడితే ప్రాణం పోతుంది. అందుకే చెట్ల మీది వంశాల్లో, ముఖ్యంగా కోతుల వరసలో, రెండు కళ్లూ ముందుకు వచ్చాయి, చూపును కలిపి లోతు లెక్కగట్టే భాగం మెదడులో పెద్దదైంది, పండిన పండునూ లేత ఆకునూ వేరు చేసే రంగుల చూపు అమరింది. వాసనకు రాసిచ్చిన రాజ్యాన్ని కొంత చూపు గుంజుకుంది.

మనిషి వంశం మాత్రం ఇక్కడ పుట్టలేదు, ఆఫ్రికాలో పుట్టింది. మెదడు పెరగకముందే నడక మారింది. 32 లక్షల ఏళ్ల కిందటి లూసీ రెండు కాళ్ల మీద నడిచింది. ఆమె జాతి మెదడు పరిమాణం 400–500 ఘన సెంటీమీటర్లు, ఇప్పటి చింపాంజీ కంటే కాస్త ఎక్కువ. హోమో ఎరెక్టస్ నాటికి అది దాదాపు రెట్టింపై, తర్వాతి వాళ్లలో వెయ్యి దాటింది. ఇప్పటి మనిషి సగటు 1350 దరిదాపుల్లో ఉంటే నియాండర్తాల్‌ది అంతకంటే కొంచెం ఎక్కువే.

ఈ పెరుగుదలకు కూలి ఎవరు కట్టారన్నది అసలు చిక్కు. మనిషి బరువులో మెదడు నూటికి 2 పాళ్లు, తినే తిండిలోని శక్తిలో అది మింగేది 20 పాళ్లు. నిద్రలో కూడా ఆ ఖర్చు పెద్దగా తగ్గదు. ఆ శక్తిని కణాలు ఏ నాణెంలో చెల్లిస్తాయో కనిపెట్టిన వాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని వేరుచేసి చూపారు. జర్మనీలో లోమన్ కూడా అదే సమయంలో ఏటీపీని పట్టుకున్నాడు. ఇక చెల్లింపుకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు 1995లో లెస్లీ ఐల్లో, పీటర్ వీలర్ ఇచ్చిన జవాబు, పేగు నుంచి మిగిల్చి మెదడుకు పెట్టారని. మనిషి పేగు, అతని ఒంటి పరిమాణానికి ఉండాల్సిన దానికంటే చిన్నది. మాంసం, మజ్జ, దుంపలు తిన్నవాడికి ఆకులు మేసేవాడికున్నంత పేగు అక్కరలేదు. వండుకు తినడం దీనికి మరింత తోడైందని రిచర్డ్ రాంగమ్ వాదన. అడవిలో తవ్విన దుంపను పచ్చిగా నమలడం, ఉడకబెట్టి తినడం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వాదనలోని బలం దవడకే తెలుస్తుంది. ఎరెక్టస్ కాలం నాటికే నిప్పు రోజువారీ అలవాటైందా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

పెద్ద మెదడంటే పెద్ద తెలివి అన్న లెక్క తేలికైనదే గానీ నిలిచేది కాదు. ఏనుగు మెదడు మనిషి మెదడుకు మూడింతలు. సుజానా హెర్కులానో-హౌజెల్ లెక్కలో దాని నాడీకణాలు 257 వందల కోట్లు ఉండగా మనిషివి 86 వందల కోట్లు. కానీ ఆలోచనకు ఆధారమైన పైపొరలో మనిషికి 16 వందల కోట్ల కణాలుంటే ఏనుగుకు 5.6 వందల కోట్లే. మిగతావి ఎక్కువగా వెనక మెదడులో ఉంటాయి. మనుషుల మధ్య ఈ కొలత ఇంకా దారి తప్పుతుంది. రష్యన్ రచయిత తుర్గేనెవ్ మెదడు రెండు కిలోలు దాటింది, ఫ్రెంచి రచయిత అనతోల్ ఫ్రాన్స్‌ది కిలో చిల్లర. ఇద్దరూ మహారచయితలే. అయినా 19వ శతాబ్దంలో తలలు కొలిచి జాతులకు మార్కులు వేసే పిచ్చి ప్రపంచమంతటా పాకింది. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాదిలో కులాల వారీగా తలల పొడవు వెడల్పులు, ముక్కుల కొలతలు తీయించి పట్టికలు అచ్చువేశాడు. ఆ పట్టికల నుంచి తెలివి గురించి తెలిసింది ఏమీ లేదు, కొలిచినవాళ్ల తలల గురించి మాత్రం కొంత తెలిసింది.

దక్షిణ భారతదేశంలో రాతి పనిముట్ల కథ 1863 మే 30న మొదలైంది. ఆ రోజు మద్రాసు దగ్గరి పల్లవరంలో భూగర్భ సర్వే అధికారి రాబర్ట్ బ్రూస్ ఫుట్ చేత్తో చెక్కిన రాయిని గుర్తుపట్టాడు. రెండేళ్లకు, 1865లో, గోదావరి ఎగువన పైఠన్ దగ్గరి ముంగి వద్ద ఏ.బి. విన్‌కు అకీకు రాతిపెచ్చు దొరికింది. అంతరించిన జంతువుల ఎముకలున్న పొరది అది. ఖానాపూర్ మీదుగా పారే నీళ్లు ఆ పైఠన్ మీదుగా వచ్చేవే. తర్వాతి కాలంలో ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లోనూ పాత రాతియుగపు పనిముట్లు బయటపడ్డాయి. వాగు ఒడ్డు గులకరాళ్ల పొరల్లో అవి మామూలు రాళ్లతో కలిసిపోయి ఉంటాయి, తెలిసిన కన్నుకే తేడా కనిపిస్తుంది.

చేతిగొడ్డలి చెక్కడం మాటల్లో చెప్పినంత సులువు కాదు. ఎడమచేత గులకరాయి, కుడిచేత సుత్తిరాయి. అంచు దగ్గర, నిలువుకంటే తక్కువ వాలులో, కచ్చితమైన బలంతో కొడితే అడుగువైపు నుంచి పెచ్చు లేస్తుంది. బలం ఎక్కువైతే రాయి రెండు ముక్కలు, తక్కువైతే అంచు నలిగి మొద్దుబారుతుంది. లేచిన పెచ్చు విడిచిన గుంటే తర్వాతి దెబ్బకు ఆనిక. కాబట్టి కొట్టేవాడు రాయిని తిప్పి, అంచు గీకి సిద్ధం చేసి, ఇంకో మూడు నాలుగు దెబ్బల తర్వాత రాయి ఎలా ఉంటుందో ముందే చూడగలగాలి. డైట్రిక్ స్టౌట్ బృందం ఇప్పటి మనుషులకు ఈ పని నేర్పి, ఆ పనిలో వారి మెదడు చలనాన్ని స్కానర్లతో గమనించింది. మొరటు పెచ్చులు లేపేటప్పుడు చూపు, చేయి కలిపే భాగాలు పనిచేశాయి. చేతిగొడ్డలి దగ్గరికి వచ్చేసరికి నుదుటి కుడి అడుగుభాగం కూడా మేల్కొంది. ఎడమవైపు దాని జోడీ మాటకు నిలయం. పనిలోపలి పనిని వరసలో పెట్టడం, వాక్యంలోపలి వాక్యాన్ని వరసలో పెట్టడం ఒకే ఇంటి విద్యలని దీన్నుంచి కొందరు అంటారు. అనుమానించేవాళ్లూ ఉన్నారు.

చేతిగొడ్డళ్లు చేసినవాళ్లు దక్షిణాదికి ఎంత ముందు వచ్చారో చెన్నై దగ్గరి అత్తిరంపాక్కం చెబుతుంది. శాంతి పప్పు బృందం అక్కడి పొరలకు 15 లక్షల ఏళ్ల వయసు కట్టింది. ఆ మనుషుల ముఖమెలా ఉండేదో తెలియజేసే ఎముక మాత్రం అక్కడ లేదు. నర్మద ఒడ్డున హథ్‌నోరాలో 1982 డిసెంబరు 5న అరుణ్ సోనాకియాకు దొరికిన పుర్రె చిప్ప ఒక్కటే ఆ లోటును కొంత పూడుస్తుంది. దాని లోపలి పరిమాణం 1155 నుంచి 1421 ఘన సెంటీమీటర్ల మధ్య ఉండొచ్చని అంచనా. అంటే మెదడు సైజు విషయంలో మనకు దాదాపు సాటి.

సైజు ఒకటే సరిపోదని మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ పుర్రెలు నేర్పాయి. 3 లక్షల ఏళ్ల కిందటి ఆ మనుషుల మెదడు మనదంత పెద్దదే, ఆకారం మాత్రం కోడిగుడ్డు పడుకోబెట్టినట్టు సాగి ఉంటుంది. ఇప్పటి గుండ్రని ఆకారం లక్ష ఏళ్లకూ 35 వేల ఏళ్లకూ మధ్య స్థిరపడిందని 2018లో నోయ్‌బౌవర్, యూబ్లాఁ, గుంజ్ తేల్చారు. ఆ మధ్యకాలంలో తెలుగు నేల మీద ఏం జరిగిందో కర్నూలు వైపు జ్వాలాపురం చూపుతుంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే దాని బూడిద జుర్రేరు లోయలో పేరుకుంది. కొన్నిచోట్ల ఆ పొర రెండు మీటర్లు దాటుతుంది. 2007లో మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం ఆ బూడిద కిందా పైనా ఒకే తరహా పనిముట్లను చూపించింది. ఉపద్రవం వచ్చి పోయినా మనుషులు అదే విద్యతో బతికారన్నది వాళ్ల మాట. చేసినవాళ్లు మన జాతివాళ్లేనా కాదా అన్న తగువు ఇప్పటికీ ఉంది. అదే లోయలోని ఒక రాతి చాటున 35 వేల ఏళ్ల నాటి నుంచి చిట్టి రాతిపలకలు కనిపిస్తాయి. గోరంత పలకలను కర్రకు వరసగా బిగించి బాణం చేస్తే, ఒకటి విరిగినా దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు. రాయి, కర్ర, జిగురు, నార నాలుగూ వేర్వేరు చోట్ల తెచ్చి తలలో ముందే ఒకచోట కలిపిన ఆలోచన అది. ముచ్చట్ల చింతమాను గవిలో ఎం.ఎల్.కె. మూర్తి తవ్వినప్పుడు ఎముకతో చేసిన పనిముట్లు, సుమారు 17 వేల ఏళ్ల కిందటి పొయ్యి బయటపడ్డాయి. ఆ పొయ్యి చుట్టూ కూర్చున్నవాళ్ల తలలకూ ఇవాళ ఖానాపూర్ బస్టాండులో నిలబడ్డవాళ్ల తలలకూ లోపలి అమరికలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇక్కడి నుంచి తెలివి పెరిగింది పుర్రెలోపల కాదు, బయట. దానికి వీలు కల్పించింది మనిషి బిడ్డ అసంపూర్ణంగా పుట్టడం. పుట్టిన రోజు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో మూడో వంతు కూడా ఉండదు. చింపాంజీ పిల్లకు సుమారు నూటికి 40 పాళ్లు ఉంటుంది. మిగిలిన పెరుగుదల తల్లి ఒడిలో, వాకిట్లో, పెద్దల పని మధ్య జరుగుతుంది. అందుకే మనిషి మెదడు పెరిగేటప్పుడే ఊరి విద్య దానిలోకి దిగుతుంది. కరీంనగర్ వైపు తొగర్రాయిలో కొత్త రాతియుగపు గొడ్డళ్లు దొరికాయి. రాతిగొడ్డలిని నూరి నునుపు చేయడానికి గంటల కొద్దీ ఓపిక కావాలి, పక్కన కూర్చుని చూసే పిల్లవాడికి అంతకంటే ఎక్కువ.

చూసి నేర్చుకునే ఆ పద్ధతి ఎంత దూరం పోగలదో చూపింది ఇనుము. ఖానాపూర్‌కూ నిర్మల్‌కూ మధ్య, మామడ మండలంలో దిమ్మదుర్తి ఉంది. అక్కడి అయస్కాంతపు ఇనుపరాయి ఉక్కు తయారీకి పేరుమోసింది. గోదావరికి ఆవలి ఒడ్డున, నిజామాబాద్ వైపు కోనసముద్రం. 1820ల తొలినాళ్లలో త్రికోణమితి సర్వే వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ అక్కడి కొలుములను చూసి రాసిన వర్ణన, ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. అక్కడివాళ్లు రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును లెక్క ప్రకారం కలిపి మూసలో పెట్టేవారు. మూసను చేసే మన్నే ఒక విద్య, ఇనుము కరిగే వేడికి అది కరగకూడదు. మూతికి మన్ను మెత్తి, బొగ్గు పేర్చి, తిత్తులు ఒక రాత్రీ పగలూ ఊదేవారు. తర్వాత మూసను తొందరపడి పగలగొట్టకుండా చల్లారనిచ్చి, దొరికిన ముద్దను మళ్లీ మళ్లీ కాల్చి చల్లార్చి, సుత్తికి లొంగే స్థితికి తెచ్చేవారు. ఆ ముద్దల కోసం ఇస్ఫహాన్ నుంచి పారశీక వర్తకుడు వచ్చి కూర్చోవడం వాయ్‌సీ స్వయంగా చూశాడు. డమాస్కస్ కత్తులుగా పేరు మోసిన నీటిచారల కత్తుల ముడిసరుకు ఈ ఉక్కే. ఐరోపావాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు. ఉక్కు అన్న మన మాటే వాళ్ల నోట్లో అలా నలిగిందని ఎక్కువమంది అభిప్రాయం.

ఇక్కడ తెలివి ఎవరి తలలో ఉంది? ఇనుములో బొగ్గు అంశం నూటికి ఒకటి రెండు పాళ్లు చేరితే అది ఇలాంటి ఉక్కవుతుందన్న సంగతి కోనసముద్రం కమ్మరికి ఆ మాటల్లో తెలియదు. ఐరోపా రసాయన శాస్త్రానికే 18వ శతాబ్దం చివర్లో గాని తెలియలేదు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819 నుంచి వూట్జ్‌ను పరీక్షించి, స్టోడార్ట్‌తో కలిసి రకరకాల లోహాలు కలిపి దాన్ని పోలిన ఉక్కు చేయబోయాడు. అసలు కీలకం కలిపిన లోహంలో ఉందనుకుని పక్కదారి పట్టాడు. 2006లో డ్రెస్డెన్‌లో పౌఫ్లర్ బృందం ఒక పాత డమాస్కస్ కత్తిలో కర్బన నానో గొట్టాలను చూసింది. ఇటు కొలిమి దగ్గర మంట రంగు, మూస చేసే చప్పుడు, ముద్ద పైన తేలిన గీతలు ఇవే లెక్కలు. ఒకడు గని దగ్గర, ఒకడు బొగ్గు బట్టీ దగ్గర, ఒకడు మూస దగ్గర, ఒకడు తిత్తి దగ్గర. పని మొత్తం ఏ ఒక్క తలలోనూ లేదు, నలుగురి మధ్య ఉంది, తరాల మధ్య ఉంది. అందుకే పోయేటప్పుడు కూడా మొత్తంగా పోయింది. చౌకైన సీమ ఉక్కు వచ్చి, గిరాకీ పడి, కొలుములు ఆరాక ఒకటి రెండు తరాల్లోనే విద్య మాయమైంది. 20వ శతాబ్దం చివర్లో థెల్మా లో వంటి పరిశోధకులు కోనసముద్రం వచ్చి పగిలిన మూసల ముక్కలు ఏరుకుని, వాటిని పరీక్షించి ఆ పద్ధతిని తిరిగి ఊహించుకోవాల్సి వచ్చింది. చేల గట్ల మీద చిట్టెం కుప్పలు మాత్రం ఇంకా ఉన్నాయి.

చేతి విద్యకు తోడు నోటి విద్య. ఆదిలాబాద్ గోండుల వంశగాథలను ప్రధానులు, తోటీలు కంఠస్థం చేసి, కిక్రీ వాయిస్తూ పండుగలకు పాడతారు. 1940లలో మార్లవాయిలో ఉండి పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాటిని విని 1948లో పుస్తకంలో నమోదు చేశాడు. దేవుడు ఎవరికి ఏమవుతాడు, ఏ గోత్రంవాళ్లు ఏ గోత్రంలో పిల్లనిచ్చుకోవాలి అన్న వివరమంతా ఆ పాటల్లోనే ఉంది. కథ, లయ, బంధుత్వం ఒకదానికొకటి ముడిపడితే జ్ఞాపకం జారదు. ఒంటరి పట్టికను మెదడు మరిచిపోతుంది, పాటను మరిచిపోదు.

రాత వచ్చాక జ్ఞాపకం ఇంకో అడుగు బయటికి వేసింది. గోదావరి ఒడ్డు కోటిలింగాలలో దొరికిన నాణేల మీద బ్రాహ్మీ అక్షరాలున్నాయి. 10వ శతాబ్దంలో పంప కవి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గరి గుట్ట మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింట్లో శాసనం చెక్కించాడు. తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి. గుంజాల ఊళ్లో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరి ఫోన్లకెక్కింది. చదవడానికంటూ మెదడులో పుట్టుకతో వచ్చిన భాగం లేదు, రాత వయసు అయిదు వేల ఏళ్లు మాత్రమే, పరిణామానికి అది చాలదు. ముఖాలను, వస్తువులను గుర్తుపట్టే భాగాన్నే కొంత అక్షరాలకు అప్పు తెచ్చుకుంటాం. నాడీ శాస్త్రవేత్త స్టానిస్లాస్ దహెన్ దీన్ని పాత యంత్రాన్ని కొత్త పనికి వాడుకోవడం అంటాడు. అందుకే చదవడం బడిలో కష్టపడి నేర్చుకోవాలి, మాట్లాడటం ఒడిలో దానంతటదే వస్తుంది.

మాటలు ఒకటికంటే ఎక్కువైతే ఏమవుతుందన్న ప్రశ్నకు పేరున్న జవాబు హైదరాబాద్ నిమ్స్ నుంచి వచ్చింది. సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే వాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు వల్ల వచ్చిన తేడా అనడానికీ వీల్లేదు, ఎందుకంటే బడి ముఖం చూడనివాళ్లలోనూ అదే వరస కనిపించింది. అన్ని దేశాల అధ్యయనాలూ ఇదే ఫలితం చూపలేదు. వలస వెళ్లినవాళ్ల భాషలూ, ఒకే ఊళ్లో కలిసి పెరిగిన భాషలూ ఒకటి కాకపోవడం అందుకు ఒక కారణం కావచ్చు. ఖానాపూర్ చుట్టుపక్కల కలిసి పెరిగిన భాషలే ఎక్కువ. గోండి తెలుగుకు దగ్గరి చుట్టం, రెండూ ద్రావిడ కుటుంబంలో ఒకే కొమ్మవి. కోలామీ ఇంకో కొమ్మది. లంబాడీ, మరాఠీ, ఉర్దూ వేరే కుటుంబానివి. గూడెంలో ఇంటి భాషలో మొదలైన బేరం ఖానాపూర్ బజారులో తెలుగులోకి తిరిగి, పక్క దుకాణంలో ఉర్దూలో తెగుతుంది.